కాళ్లు లేని కాగితాలు

కాలేజీ సూపరింటెండెంటు పూర్తిగా కూర్చోవడం ఎవరూ చూడలేదు. కుర్చీ మీద సగం మోపి, ఎప్పుడు లేద్దామా అని మిగతా సగం గాల్లో ఉంచుతాడు. అందుకే స్టాఫంతా ఆయన్ని చాటుగా బొంగరం అంటారు. చాటుగా అనేది మాట వరసకే. ఎదురుగానే అంటారు. అప్పటికే ఆయన పక్క గదిలోకి వెళ్లిపోయి ఉంటాడు గనక వినపడదు.

ఇంట్లోనూ అంతే. ఆదివారం వస్తోందంటే ఆయన భార్యకి గుండెల్లో రాయి పడుతుంది. ఖాళీ దొరికితే చాలు, ఇంట్లో దేన్నో ఒకదాన్ని మెరుగుపరుస్తాడు. ఒకసారి వంటింట్లో డబ్బాలన్నీ అక్షరక్రమంలో సర్దాడు. ఉతికే పొడీ ఉప్పూ పక్కపక్కకి చేరాయి. ఆ పూట కూర ఎవరూ తినలేకపోయారు గానీ, గిన్నె మాత్రం తళతళలాడింది.

ఇలాంటి మనిషికి ప్రిన్సిపాల్ ఒక పని అప్పజెప్పాడు.

ప్రిన్సిపాల్ ఎక్కడో సదస్సుకి వెళ్లి ఒక సంచీ, ఒక పెన్నూ, ఒక మాటా తెచ్చుకున్నాడు. సంచీ భార్యకిచ్చాడు. పెన్ను జేబులో పెట్టుకున్నాడు. మాట సూపరింటెండెంటుకిచ్చాడు. ఆ మాట 'విద్యార్థి సేవలు'.

"మన పిల్లలు తిరిగి తిరిగి అరిగిపోతున్నారయ్యా. దీన్ని మెరుగుపరచాలి."

"ఎలా సార్?"

"అది సదస్సులో చెప్పలేదు. అందుకేగా నిన్ను పిలిచింది."

ప్రిన్సిపాల్ అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆ ఆఫీసులో ఏ సర్టిఫికెట్ కావాలన్నా పిల్లలు నాలుగు బల్లలు తిరగాల్సిందే. పెద్ద హాలు, నాలుగు మూలలు, మూలకో బల్ల. ఫీజులావిడ సంతకం పెడితే, లైబ్రరీ ఆయన పుస్తకాలన్నీ తిరిగొచ్చాయంటాడు. పరీక్షల గుమాస్తా మార్కులు సరిచూస్తాడు. చివరి మూలలో ముద్రాయన కాలేజీ ముద్ర గుద్దుతాడు. ఎవరి దగ్గరికి ముందు వెళ్లినా, "ముందు ఆ బల్ల దగ్గరికి వెళ్లిరా" అంటారు. ఆ మాట అనడంలో వాళ్లెంత ఆరితేరారంటే, ఫీజులావిడ ఇంట్లో మనవడు మంచినీళ్లడిగినా వేలితో పక్క గది చూపిస్తుందని చెప్పుకుంటారు.

"ఈ పని సరిగ్గా నడిపావంటే రిజిస్ట్రార్‌వి నువ్వే. కుర్చీ కూడా తెప్పించేశా" అన్నాడు ప్రిన్సిపాల్.

కుర్చీ నిజంగానే వచ్చింది. తల దాటేంత ఎత్తున వీపు, గుండ్రంగా తిరిగే అడుగు. ప్లాస్టిక్ కవరు తియ్యకుండా గోడవారగా పెట్టారు. సూపరింటెండెంటు దాని పక్కనుంచి వెళ్లినప్పుడల్లా ఒకసారి తిప్పి వెళ్లేవాడు.

ఆ సంగతి ఇంట్లో చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాడు. మర్నాటికల్లా ఆయన భార్య పై వాటాలో, కింది వాటాలో, ఎదురింట్లో చెప్పేసి, తలుపుకి బోర్డు కూడా రాయించేసింది. ఆలూ లేదు చూలూ లేదు, బోర్డు మీద మాత్రం 'రిజిస్ట్రార్' అని బంగారు రంగు అక్షరాలు.

"ఏమే, ఇంకా రాలేదు కదా!"

"వస్తుంది కదండీ. వచ్చాక రాయిస్తే పెయింటరు దొరకొద్దూ?"

ఇక వెనక్కి తగ్గే దారి లేకుండా పోయింది. తలుపు మీద ఉన్న మనిషిగా తను మారితీరాలి.

ఆయన నిద్ర మాని ఆలోచించి, హాలు ముందు గోడకి ఒక కిటికీ కొట్టించాడు. పిల్లలు ఇక లోపలికి రానక్కర్లేదు. కిటికీలో కాగితం ఇచ్చేస్తే లోపల అన్నీ అవే అవుతాయి. అయ్యాక అదే కిటికీలో తీసుకోవచ్చు. కిటికీ దగ్గర కొత్తగా చేరిన అమ్మాయిని కూర్చోబెట్టాడు. ఆ అమ్మాయికి ఇంకా "ఆ బల్ల దగ్గరికి వెళ్లు" అనడం అలవాటు కాలేదు. అదే ఆమె అర్హత.

కిటికీ పైన నోటీసు కూడా అంటించాడు. స్టాఫు వాళ్ల చుట్టాలు దొడ్డిదారిన వచ్చి ముందు పని చేయించుకోవడం ఆ ఆఫీసులో అనాదిగా ఉన్నదే. అందుకని, 'ఎవరి కాగితమైనా వరసలోనే. చుట్టరికాలు చెల్లవు' అని పెద్ద అక్షరాలతో తనే రాశాడు. రాసి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని మురిసిపోయాడు. ఆ నోటీసు మొదట తన మెడకే చుట్టుకుంటుందని అప్పుడాయనకి తెలియదు.

ఆయన కూతురు అదే కాలేజీలో చదువు ముగించింది. వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. సోమవారం పొద్దున చేరాలి. చేరేటప్పుడు కాలేజీ ఇచ్చిన కాండక్ట్ సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. లేకపోతే ఆ చోటు వరసలో తర్వాతున్న వాళ్లకి ఇచ్చేస్తామని ముందే చెప్పారు.

"నాకిచ్చెయ్ తల్లీ. నేను చూసుకుంటా" అన్నాడు.

"వద్దు నాన్నా. నోటీసు రాసింది నువ్వే. నేనొచ్చి అందర్లాగే కిటికీలో ఇస్తా. నాలుగేళ్లూ 'బొంగరం కూతురు' అనిపించుకున్నది చాలు."

"ఎవరలా అనేది?"

"ఎవరనరో అడుగు."

ఆ పిల్ల ఉద్యోగంలో చేరడానికి సరిగ్గా వారం ముందు, సోమవారం కిటికీ తెరిచారు. పిల్లలు కాగితాలిచ్చి, ఇంత తేలిగ్గా అయిపోయిందేమిటా అన్నట్టు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. కూతురు కూడా వరసలో నిలబడి ఇచ్చింది. ప్రిన్సిపాల్ వచ్చి, ఖాళీగా ఉన్న హాలు చూసి, "ఆహా, ఎంత ప్రశాంతంగా ఉందయ్యా" అన్నాడు.

మంగళవారం ఇంకా ప్రశాంతంగా ఉంది.

బుధవారానికి ఆ ప్రశాంతత చూస్తే సూపరింటెండెంటుకి భయమేసింది. ఒక్క కాగితం కూడా బయటికి రాలేదు. కాలుగాలిన పిల్లిలా హాలంతా తిరిగాడు. కిటికీ అమ్మాయి పక్కనున్న ట్రేలో సోమవారం నాటి కాగితాలు సోమవారం పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పైన దుమ్ము కూడా వరసలోనే పడింది.

"ఇవి ఇంకా ఇక్కడే ఉన్నాయేంటమ్మా?"

"నేను తీసుకున్నాను సార్. నా పని తీసుకోవడమే అన్నారుగా."

ఫీజులావిడ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ వయసులో పెద్దది, ఆయన్ని తమ్ముడూ అంటుంది.

"అక్కా, సోమవారం నుంచి మీరు ఒక్క సంతకం కూడా పెట్టలేదా?"

"కాగితం వస్తే పెట్టనా తమ్ముడూ? రాలేదు. నేను కూడా అనుకుంటున్నా, ఈ మధ్య పిల్లలకి సర్టిఫికెట్లు అక్కర్లేదేమో, కాలం మారిపోయిందీ అని."

"కాగితాలు ఆ ట్రేలో ఉన్నాయి కదా. కనపడుతూనే ఉన్నాయిగా!"

"కనపడుతున్నాయి. పాపం, ఎవరో తెస్తారని చూస్తున్నా."

అప్పుడు వెలిగింది ఆయనకి. ఆ కాలేజీ పుట్టినప్పటి నుంచీ ఒక బల్ల మీది కాగితం ఇంకో బల్ల మీదికి స్టాఫులో ఎవరూ మోయలేదు. మోసింది పిల్లలు. తిరుగుతున్నారు, తిరుగుతున్నారని జాలిపడి వాళ్లని బయట నిలబెట్టాడు. వాళ్లతో పాటు కాగితాల కాళ్లు కూడా బయటికి పోయాయి.

ఆయన తల పట్టుకుని, నిలబడే, స్టాఫ్ మీటింగ్ పెట్టాడు.

"పని అవగానే ఎవరి కాగితాలు వాళ్లు లేచి పక్క బల్ల మీద పెడితే సరిపోతుంది. అంతే."

లేవడం అన్న మాట అక్కడ అంతకు ముందెవరూ వాడలేదు.

"మొయ్యడం అటెండరు పని కదా సార్" అన్నాడు పరీక్షల గుమాస్తా.

అటెండరు గుమ్మం దగ్గర నుంచే అన్నాడు. "నాది ప్రిన్సిపాల్ గారి గదికి మోసే డ్యూటీ సార్. బల్లకీ బల్లకీ మధ్య నాకు డ్యూటీ లేదు. ఈ రోజు మోశానంటే రేపు మొయ్యలేదేమంటారు."

"పోనీ, నాలుగు బల్లలూ దగ్గరికి జరుపుకుందామా? చెయ్యి చాపితే అందుతాయి."

ఈ మాటతో అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఫీజులావిడ ఫ్యాను కింద నుంచి కదలనంది. లైబ్రరీ ఆయనకి వెనక గోడలో ఒక మేకుంది, సంచీ తగిలించేది. ఆ మేకు ఆయనది, గోడ కాలేజీది. పరీక్షల గుమాస్తా, వెనక మనిషి ఉంటే తనకి లెక్క తప్పుతుందన్నాడు. ముద్రాయన తలుపు పక్కనుంచి జరిగితే బస్సు అందదన్నాడు. ఆయన ఎప్పుడూ బస్సు వైపు ఒక కాలు బయటపెట్టే ముద్ర గుద్దుతాడు.

"మరి ఏం చేద్దాం?" అన్నాడు సూపరింటెండెంటు.

"మీరెలాగూ తిరుగుతూనే ఉంటారుగా సార్" అంది కిటికీ అమ్మాయి. ఆ అమ్మాయి మాటలో వెటకారం లేదు. కొత్తగా చేరింది కదా.

ఆ క్షణం నుంచి కాగితాలకి కాళ్లొచ్చాయి. ట్రే నుంచి ఫీజులావిడకి, ఫీజులావిడ నుంచి లైబ్రరీకి, అక్కడి నుంచి పరీక్షలకి, మళ్లీ ముద్రకి, ముద్ర నుంచి కిటికీకి. గానుగెద్దుకి కనీసం కళ్లకి గంతలుంటాయి. ఈయన అన్నీ చూస్తూ తిరగాలి. టీ తాగుతూ తిరిగాడు. ఫోన్లో మాట్లాడుతూ తిరిగాడు. ప్రిన్సిపాల్ పిలిస్తే, "వస్తున్నా సార్, దార్లో ఉన్నా" అంటూ మూడు బల్లలు తిరిగి వెళ్లాడు.

సర్టిఫికెట్లు బయటికి రావడం మొదలైంది. పిల్లలు కిటికీతో సెల్ఫీలు దిగారు. ప్రిన్సిపాల్ అందరితోనూ "మన వ్యవస్థ" అనడం మొదలుపెట్టాడు.

కూతురి కాగితం కట్టలో అడుగున ఉంది. ఆ రోజు ఆ పిల్ల చివర్న వచ్చింది మరి. కట్ట మోస్తున్నప్పుడల్లా ఆయన బొటనవేలు ఆ అడుగు కాగితం అంచుని తడుముతూనే ఉండేది. పైకి లాగడం ఎంతసేపు? కానీ హాలంతా చూస్తోంది. ఫీజులావిడైతే కళ్లజోడు పైనుంచి మరీ చూస్తోంది. కిందటేడు ఆవిడ మేనల్లుడి కాగితాన్ని నోటీసు పేరు చెప్పి వెనక్కి పంపింది ఈయనే. అప్పటికి నోటీసు రాయనే లేదు, ఊరికే చెప్పాడు.

గురువారం ఇంట్లో కూతురు పెట్టె సర్దుతోంది.

"ఎక్కడిదాకా వచ్చింది నాన్నా?"

"పరీక్షల దగ్గరుందమ్మా. రేపు ఆయన చూసేస్తే ఇక ముద్రే."

"రేపు కాకపోతే?"

"ఎందుకవదు? నేనున్నానుగా."

భార్య మధ్యలో అందుకుంది. "రేపేగా మీ పెద్దమేడం వచ్చేది? మంచి చొక్కా ఇస్త్రీ చేయించా. ఆవిడ ముందు ఆ కుర్చీలో స్థిరంగా కూర్చోండి. ఇలా ఇంట్లోలా తిరక్కండి. రిజిస్ట్రార్లు తిరగరు."

పెద్దమేడం అంటే కాలేజీ కమిటీ అధ్యక్షురాలు. ఆవిడ శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. పొట్టి మనిషి, తక్కువ మాటలు. హాలుకి ఆనుకుని ఉన్న అద్దాల గదిలో సమావేశం. కొత్త కుర్చీకి కవరు తీసి సూపరింటెండెంటుని అందులో కూర్చోబెట్టారు. జీవితంలో మొదటిసారి ఆయన పూర్తిగా కూర్చున్నాడు. ముళ్ల మీద కూర్చున్నా అంతకంటే హాయిగా ఉండేదేమో. బల్ల కింద రెండు కాళ్లూ వాటంతటవే నడుస్తున్నాయి.

ప్రిన్సిపాల్ వ్యవస్థ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. సదస్సులో నేర్చుకున్న మాటలన్నీ ఒక్కటీ వృథా పోనివ్వలేదు.

అద్దంలోంచి హాలంతా కనపడుతోంది. పరీక్షల గుమాస్తా చివరి కాగితం మీద సంతకం పెట్టి, కట్ట సర్ది, బల్ల అంచున పెట్టి, చేతులు కట్టుకున్నాడు. ఆయన పని అయిపోయింది. అటు మూలలో ముద్రాయన ముద్ర తుడుచుకుని ఖాళీగా కూర్చున్నాడు. ఆయన పని రాలేదు. ఇద్దరి మధ్యా గొంతెత్తితే వినపడేంత దూరం. ఇద్దరూ గొంతెత్తలేదు. ఒకళ్లనొకళ్లు చూసి మర్యాదగా నవ్వుకున్నారు.

కిటికీకి అవతల కూతురు వచ్చి నిలబడింది.

కిటికీ అమ్మాయి వెనక్కి తిరిగి ఖాళీ ట్రే చూసింది. పెదాలు కదిలాయి. అద్దంలోంచి వినపడకపోయినా ఏమందో సూపరింటెండెంటుకి తెలుసు. సోమవారం రమ్మంది. పాపం, నాలుగు రోజుల్లో నేర్చేసుకుంది.

కూతురు వెళ్లలేదు. గొడవా పడలేదు. కిటికీ చువ్వ పట్టుకుని, లోపల ఎవరినీ వెతకనట్టు, నోటీసు వైపు చూస్తూ నిలబడింది. ముద్రాయన గడియారం చూసి, సొరుగు తాళం తీసి చేతిలో పట్టుకున్నాడు. తాళం చేతిలోకి వచ్చిందంటే ఆయన మనసప్పుడే బస్సెక్కేసినట్టు.

సూపరింటెండెంటు లేస్తే కుర్చీ పోతుంది. కుర్చీ పోతే బోర్డు అబద్ధమవుతుంది. పై వాటా వాళ్లు, కింది వాటా వాళ్లు, ఎదురింటి వాళ్లు. లేవకపోతే పిల్ల ఉద్యోగం పోతుంది.

ప్రిన్సిపాల్ తెర మీద ఒక బొమ్మ వేశాడు. కిటికీ, నాలుగు బల్లలు, మధ్యలో ఎర్రటి బాణాలు.

పెద్దమేడం మొదటిసారి నోరు విప్పింది. "ఈ బాణాలేంటి?"

"కాగితం ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి వెళ్లడం మేడం."

"అది తెలుస్తోంది. ఎవరు తీసుకెళ్తారు?"

"వ్యవస్థ తీసుకెళ్తుంది మేడం."

"అలాగా. ఓసారి పిలవండి, చూస్తా."

ప్రిన్సిపాల్ జేబులోంచి సదస్సు పెన్ను తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. అందులో దీనికి జవాబు లేదు.

"ఆ బాణం నేనేనండీ" అంటూ సూపరింటెండెంటు లేచాడు. లేచిన ఊపుకి కుర్చీ వెనక గిర్రున తిరిగింది. "ఒక్క నిమిషం" అన్న మాట గదిలోనే ఉండిపోయింది, మనిషి మాత్రం హాల్లో ఉన్నాడు.

పరీక్షల బల్ల మీద కట్ట అందుకుని, హాలు దాటి, సొరుగులోకి దిగుతున్న ముద్ర మీద చెయ్యేశాడు.

"అయ్యో సార్, బస్సు!" అన్నాడు ముద్రాయన. తర్వాత కట్ట చూశాడు, కిటికీలోంచి కూతుర్ని చూశాడు, గొంతు తగ్గించాడు. "మన పాపది పైకి తియ్యండి సార్. ఒక్కటి గుద్దేసి పోతా. ఎవరు చూడొచ్చారు?"

అందరూ చూస్తున్నారు. ఫీజులావిడ కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది. అద్దం గుమ్మంలో పెద్దమేడం, ఆవిడ భుజం మీంచి ప్రిన్సిపాల్. బొటనవేలు అడుగు కాగితం మీదే ఉంది.

"పైనుంచి కానివ్వు" అన్నాడు సూపరింటెండెంటు.

"మొత్తమా? బస్సెళ్లిపోతుంది సార్!"

"నువ్వు గుద్దు, నేను లాగుతా. మాటలు తర్వాత."

ఒకాయన గుద్దుతుంటే ఒకాయన లాగాడు. దభీ దభీమని హాలంతా మోగింది. మధ్యలో ఒక ముద్ర తిరగబడింది, ఒకటి సూపరింటెండెంటు మణికట్టు మీద పడింది. ముద్రాయన ఒక కాలు తలుపు బయటపెట్టి గుద్దాడు, తర్వాత ఒక భుజం. అడుగు కాగితం మీద ముద్ర పడ్డప్పుడు ఆ మనిషిలో చెయ్యి ఒక్కటే లోపలుంది. తర్వాత అదీ లేదు.

కట్ట కిటికీకి చేరింది. అమ్మాయి వరసగా పిలిచింది. అక్కడ లేని వాళ్లవి పక్కన పెట్టింది. చివర్న కూతురు కాగితం అందుకుని, ముద్ర తడి ఆరేలా ఊదింది.

"థ్యాంక్స్ సార్. చెమట తుడుచుకోండి సార్" అంది కిటికీలోంచి.

"అలాగేనమ్మా. తర్వాతి వాళ్లు రండి!" అన్నాడు ఆయన, వెనక ఎవరూ లేకపోయినా.

పెద్దమేడం గదిలోకి తిరిగొచ్చి ప్రిన్సిపాల్‌తో క్లుప్తంగా చెప్పింది. "మీ వ్యవస్థ బాగుంది. ఆయన్ని మాత్రం ఎప్పుడూ కూర్చోనివ్వకండి."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. రిజిస్ట్రార్ పోస్టు ఆలోచన విరమించుకున్నారు. దాని బదులు 'విద్యార్థి సేవల సంచార సమన్వయకర్త' అని కొత్త పోస్టు పుట్టించి ఆయనకిచ్చారు. ఆ పోస్టుకి కుర్చీ లేదు. ఆ కుర్చీలో ఇప్పుడు ఫీజులావిడ కూర్చుంటోంది, ఫ్యాను కిందే. లేవకుండానే నాలుగు వైపులా తిరగొచ్చని ఆవిడకి తెగ నచ్చింది.

కొత్త పేరు ఇంటి తలుపు మీద పట్టలేదు. పెయింటరు రెండు బోర్డులు కలిపి రాశాడు. చివరి అక్షరం గోడ మీదికి వెళ్లింది. ఆయన భార్య మొదటి రోజు ఎవరికీ మొహం చూపించలేదు. రెండో రోజు కింది వాటా ఆవిడ అడిగితే, "రిజిస్ట్రార్లదేముంది వదినా, కాలేజీకొకడుంటాడు. సంచారం చేసేవాణ్ణి నువ్వెక్కడైనా చూశావా?" అంది. కింది వాటా ఆవిడ చూడలేదని ఒప్పుకుంది.

అంతకు ముందే, ఆ సోమవారం మధ్యాహ్నం, కూతురు ఫోన్ చేసింది.

"చేరిపోయావా తల్లీ?"

"ఇంకా లేదు నాన్నా. సర్టిఫికెట్ చూసి బాగుందన్నారు. కానీ ఇక్కడ ఐదు బల్లలున్నాయి. ముందు అక్కడికి వెళ్లు, ముందు ఇక్కడికి వెళ్లు అని తిప్పుతున్నారు. ఒకాయన, కాగితం ఇక్కడ పెట్టి వెళ్లమ్మా, అన్నీ అవే అయిపోతాయి అంటున్నాడు. ఇచ్చెయ్యనా?"

"ఇవ్వకు!" హాలంతా తలెత్తి చూసింది. ఆయన గొంతు తగ్గించి, చంకలో కట్ట సర్దుకున్నాడు. "చేతిలోంచి వదలకు తల్లీ. నీ కాగితం నువ్వే మోసుకో. కాళ్లు నొప్పెడతాయి, ఏం పర్లేదు, రాత్రికి తగ్గిపోతాయి."

"నువ్విప్పుడు కూర్చుని మాట్లాడుతున్నావా, నడుస్తున్నావా?"

ఆయన కిందికి చూసుకున్నాడు. పరీక్షల బల్ల దాటి అప్పుడే చాలా దూరం వచ్చేశాడు.

"కూర్చునే ఉన్నానమ్మా" అన్నాడు, ముద్ర బల్ల వైపు అడుగులేస్తూ.